పెద్దబాపు దగ్గు, అవ్వ మోకాలు

మా ఇంట్లో పెద్దబాపు దగ్గితే అవ్వ లేచి నిలబడేది. అవ్వంటే మా అమ్మ, బాపంటే నాన్న, పెద్దబాపంటే ఆ బాపుకు అన్న. ఆయనకు దమ్మురోగం లేదు, జలుబు లేదు. ఇంట్లో అడుగు పెట్టేముందు 'నేనొస్తున్నా' అని తెలపడానికి దగ్గేవాడు. ఆ దగ్గు చెవిన పడగానే అవ్వ చేతిలో ఏముంటే అది కింద పెట్టి, కొంగు నెత్తి మీదికి లాక్కుని, వంటింటి తలుపు చాటుకు పోయి నిలబడేది. బియ్యం చెరుగుతున్నా అంతే, అన్నం తింటున్నా అంతే. ఎడమచేత్తో కొంగు, కుడిచేతికి పప్పన్నం. బావ ముందు తమ్ముని పెండ్లాం కూర్చోకూడదు, ముఖం చూపకూడదు, మాట్లాడకూడదు. ఖానాపూర్ దిక్కు మాలాంటి భూములున్న ఇండ్లలో దీన్ని మర్యాద అనేవాళ్లు. నేను దానికి పెట్టిన పేర్లు ఇక్కడ రాస్తే బాగుండదు.

మాట్లాడకూడదంటే పనులు ఆగవు కదా. మధ్యలో ఒకరు కావాలి. అరవై తొమ్మిదిలో తెలంగాణ కోసం లొల్లి జరిగి బళ్లు మూసిన ఏడాది నాకు తొమ్మిదో పదో. ఇంట్లో ఊరికే తిరుగుతున్నానని ఆ ఉద్యోగం నాకిచ్చారు.

పెద్దబాపు పీట మీద కూర్చుని పళ్లెంలోకి చూస్తూ, "బిడ్డా, మీ అవ్వకు చెప్పు, పప్పుల ఉప్పు పడలే" అనేవాడు.

మూడు మూరల దూరంలో తలుపు వెనక నుంచి అవ్వ, "తెస్తున్ననని చెప్పు" అనేది.

నేను మెడ ఇటు తిప్పి, "తెస్తున్నదట" అనేదాన్ని. ముగ్గురికీ చెవులున్నాయి. ముగ్గురికీ వినబడింది. అయినా నేను చెప్పేదాకా ఆ మాట మాట కాదు.

ఒకరోజు విసుగు పుట్టి, "ఉప్పు సరిగ్గనే పడ్డదట, నీ నాలుకనే సక్కగ లేదట" అని చెప్పాను. అవ్వ ఆ మాట అనలేదు. తలుపు వెనక గాజులు గలగలమన్నాయి. పెద్దబాపు తల ఎత్తలేదు కానీ భుజాలు కదిలాయి. నవ్వో కోపమో ఆ వయసులో తెలియలేదు. ఆయన చెయ్యి కడుక్కుని పోయాక అవ్వ నాకు పెట్టిన తొడపాశం వారం రోజులు నల్లగా కమిలి ఉంది.

రోజుకెన్నిసార్లు అవ్వ అట్లా లేచేదో నేను లెక్క పెట్టలేదు. మోకాళ్లు పెట్టుకున్నాయి. నలభై ఏండ్లు దాటేసరికి రెండూ ఒకేసారి బాకీ తీర్చమన్నాయి. ఖానాపూర్‌లో పసరు కట్టారు. భైంసా అంగడిలో ఒకాయన నూనె ఇచ్చాడు, దాని వాసనకు బర్రె కూడా దూరం జరిగి నిలబడేది. ఎవరో వచ్చి రెండు మోకాళ్లకూ వాతలు పెట్టిపోయారు. ఉన్న నొప్పికి తోడు కాలిన నొప్పి, గోరుచుట్టు మీద రోకలిపోటు. చివరికి అవ్వ ఇంట్లో పిర్రల మీద జరుగుతూ తిరిగేది. కానీ దగ్గు వినబడితే మాత్రం తలుపు గొళ్లెం పట్టుకుని, 'అవ్వా' అనే అరుపును నోట్లోనే మింగి, లేచి నిలబడేది.

ఊరి మందలో ఎవరి ఎద్దు కుంటుతున్నదో అరుగు మీద నుంచే చెప్పగల మనిషి మా పెద్దబాపు. ఇంట్లో మనిషి పాకుతుంటే తెలియలేదు. తెలిసేదెట్లా, తల ఎత్తి చూస్తే కదా! నాకు ఒళ్లు మండేది. బాపుతో చెబుదామంటే ఆయన నోట్లో నాలుక లేని మనిషి. అన్న ముందు ఆయన కూడా నిలబడే ఉండేవాడు.

తొంభైల చివర్లో నేనే పూనుకున్నాను. అప్పటికి నేను మెట్‌పల్లిలో ఆడపిల్లల బడిలో టీచర్ని. అరుపులకు అలవాటు పడ్డ గొంతు. కరీంనగర్‌లో ఒక దవాఖానాకు నెలకోసారి హైదరాబాద్ నుంచి మోకాళ్లు మార్చే సర్జన్ వస్తున్నాడని విని అవ్వను జీపులో ఎక్కించి తీసుకుపోయాను. ఆయన మోకాలి ఎక్స్‌రే ఫోటోను వెలుతురుకు పెట్టి చూసి, గుజ్జంతా అరిగిపోయి ఎముకకు ఎముక రాసుకుంటున్నదన్నాడు. ముందు కుడి మోకాలు మారుద్దామన్నాడు. మార్చాక నేల మీద కూర్చోకూడదు, గొంతుక్కూర్చోకూడదు, కుర్చీలోనే కూర్చోవాలన్నాడు. అవ్వ అన్నిటికీ తల ఊపింది. బయటికొచ్చి బల్ల మీద కూర్చుని, "ఆపరేషన్ వద్దు బిడ్డా" అంది.

"భయమైతున్నదా?"

"భయమెందుకే? గాయిన కుర్చీల కూసోమంటుండు. బావ ఉన్న ఇంట్ల నేను కుర్చీల కూసుంటే నలుగురు నవ్వరా?"

"నలుగురు పిర్రల మీద పాకుతున్నరా? పాకెటిది నువ్వు!" అని అరిచాను. వరండాలో రోగులంతా తమ రోగాలు మరిచి మా దిక్కు చూశారు. అవ్వ కొంగు సర్దుకుంది తప్ప మెత్తబడలేదు. చివరికి బేరం నేనే ఆడాను. కుర్చీ వంటింటి తలుపు వెనక వేస్తా, ఎవరికీ కనబడదు, ఎవరూ చూడరు. అవ్వ కాసేపు ఆలోచించింది. తరవాత ఆమె ముఖం వెలిగింది.

"గట్లయితే సరే. కొత్త మోకాలొస్తే బావ అచ్చినప్పుడు జర జల్ది లేస్త" అంది.

నేను తల కొట్టుకున్నాను. నిజంగానే, గోడకేసి.

పెద్దబాపుకు సంగతి చెబితే, అరుగు మీద నేలకేసి చూస్తూ, "మీ అవ్వకు చెప్పు, ఫికర్ చెయ్యద్దని. మీ బాపు పత్తి చూసుకుంటడు. బర్లను నేను చూస్త" అన్నాడు. ఆయన బర్రెలను చూడడం అదే మొదటిసారి. బర్రెలు ఏమనుకున్నాయో.

ఆపరేషన్ రోజు ఒక మత్తు డాక్టరమ్మ వచ్చింది. గోదావరిఖని దిక్కు పిల్ల. "మా బాపు బొగ్గుబాయిల దిగుతడు" అని తనే చెప్పింది. సర్జన్ ఇంగ్లీషులో పావుగంట చెప్పి అర్థం కానివ్వనిది ఆమె మంచం అంచున కూర్చుని ఐదు నిమిషాల్లో చెప్పింది.

"ఆపరేషన్‌కు నడుముల సూది ఇస్తం. ఆ మత్తు కొన్ని గంటల్ల దిగిపోతది. అసలు నొప్పి గప్పుడు షురూ అయితది. మోకాలు మార్పిచ్చుకున్నంక మీసాలున్నోళ్లు గూడ అవ్వను యాది జేస్తరు. గందుకని గజ్జల కాడ, తొడ నరం పక్కకు సన్న గొట్టం పెడుత. అందులకెల్లి మందు జర జర పోతనే ఉంటది. మోకాలి నొప్పి కబురును పైకి మోసేది ఆ నరమే. మందు పడ్డదంటే కబురు ఆడనే ఆగుతది. మోకాలెన్క జర సలుపుతది, దానికి వేరే సూది ఇస్తం."

కబురు మోసే నరం సంగతి వింటుంటే ఆ నరం మీద నాకు జాలేసింది. మా ఇంట్లో అది చేసిన పనే నేనూ చేశాను.

డాక్టరమ్మ అప్పుడు అవ్వను వదిలి నా దిక్కు తిరిగింది. "ఇగ నువ్వు ఇను. ఆ మందు నొప్పినే ఆపదు, తొడల సత్తువను గూడ ఆపుతది. కాలు ఉన్నట్టే ఉంటది, మీద నిలవడితే మడత వడ్తది. నొప్పి ఉన్నోళ్లతోని నాకు పరేషాన్ లేదు, వాళ్లు లెవ్వరు. నొప్పి లేనోళ్లే లేస్తరు. పడ్డదా, కుట్లు ఇచ్చుకపోతయ్, కొత్త మోకాలు ఖరాబైతది. మేం నిలవెట్టినప్పుడే నిలవడాలె. గీ రెండు మూడు దినాలు మంచం దిగనియ్యకు. నీ జిమ్మ."

"నా జిమ్మ" అని బాధ్యత నెత్తినేసుకున్నాను. బడిలో వందమంది పిల్లలను ఒక్క కేకతో కూర్చోబెట్టేదాన్ని, ఒక్క ముసలమ్మను పడుకోబెట్టలేనా అనుకున్నాను.

ఆపరేషన్ అయింది. అవ్వను మంచం మీదికి మార్చి, కట్టు కట్టిన కాలిని మెత్త మీద పెట్టారు. మర్నాటికి నడుము సూది మత్తంతా దిగిపోయింది, తొడ దగ్గర గొట్టం మందు మాత్రం పోతున్నది. అవ్వ పొద్దున్నే కళ్లు తెరిచి, దుప్పటి ఎత్తి కాలును చూసుకుంది.

"గీ కాలు ఎవ్వలదే?"

"నీదే."

"నాది గాదు. నాదైతే ఇంతసేపు సప్పుడు జెయ్యకుంట ఉంటదా?"

నేను తొడ మీద చిన్నగా గిల్లాను. ఏమీ తెలియలేదంది. ఇంకాస్త గట్టిగా గిల్లాను. "ఊహూ" అంది. అరవై తొమ్మిది నాటి తొడపాశం గుర్తొచ్చి, ఆ బాకీ కూడా అక్కడే తీర్చేశాను. అవ్వ పకపకా నవ్వింది.

నొప్పి లేని అవ్వను నేను అంతకుముందు చూడలేదు. చిన్నప్పుడు చూసే ఉంటాను, గుర్తులేదు. ఈ అవ్వ వేరే మనిషి. నర్సు పెండ్లి సంగతి అడిగింది. పక్క మంచం ఆమె వండుకునే పులుసులో తప్పులు పట్టింది. భైంసా నూనె వాసన గురించి చెప్పి వార్డంతా ముక్కు మూసుకునేట్టు చేసింది. తరవాత, నేను నా చెవులను నమ్మలేకపోయాను, బావ గురించి ఎత్తుకుంది.

"మా బావ దగ్గు ఉత్త దగ్గేనమ్మా. లోపట గింత కఫం ఉండది" అని, గడ్డం కిందికి దించి, గొంతు బరువు చేసి, అచ్చం పెద్దబాపు దగ్గినట్టే రెండుసార్లు దగ్గింది. పక్క మంచం ఆమె నవ్వలేక కడుపు పట్టుకుంది, ఆమెకు కడుపు ఆపరేషన్. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఈ మనిషిని ఇన్నేండ్లు ఎక్కడ దాచారు అనిపించింది.

మధ్యాహ్నం అన్నం తినిపించడానికి మంచం పక్క ఇనుప కడ్డీని కిందికి దించాను. తినిపించాక దాన్ని మళ్లీ ఎత్తకుండానే పళ్లెం కడగడానికి వార్డు చివర నల్లా దగ్గరికి పోయాను. దగ్గు వినబడింది. అవ్వ మళ్లీ పక్క మంచం ఆమెను నవ్విస్తున్నదనుకుని నేనూ నవ్వుకుంటూ పళ్లెం తోముతున్నాను. రెండోసారి దగ్గు వినబడింది. అది తలుపు దిక్కు నుంచి వచ్చింది. దాని వెనకే కిర్రుచెప్పుల చప్పుడు.

నేను వెనక్కి తిరిగేసరికి అవ్వ చెయ్యి కొంగు మీద ఉంది. రెండు పాదాలూ నేల మీద ఉన్నాయి.

వేరే రోజైతే నొప్పే ఆమెను మంచానికి కట్టేసేది. గొళ్లెం వెతుక్కునేది, పండ్లు బిగబట్టేది, నేను ఉరికి రావడానికి సమయం దొరికేది. ఆ పూట నొప్పి లేదు. పదమూడేండ్ల కొత్త కోడలు లేచినట్టు లేచింది. సగం నిలబడింది. కుడికాలు మడతపడింది.

పెద్దబాపు తలుపు దగ్గర నేలకేసి చూస్తూ నిలబడి ఉన్నాడు, చేతిలో సీతాఫలాల సంచి. ఆ నేల మీదికే అవ్వ పడబోతుంటే కనబడింది ఆయనకు. సంచి వదిలేసి రెండంగల్లో వచ్చి చంకల కింద చేతులేసి పట్టుకున్నాడు. డెబ్బై దాటిన మనిషి, నిలబెట్టడం ఆయన వల్ల కాలేదు. ఇద్దరూ కూలబడ్డారు. ఆయన కింద, ఆయన ఒడిలో అవ్వ, ముందుకు చాపిన కట్టు కాలు. మాగిన సీతాఫలాలు వార్డంతా దొర్లి చితికాయి.

అవ్వ రెండు చేతులూ గాలిలో ఆడుతున్నాయి. దెబ్బ తగిలిన చోటు తడుముకుంటున్నదనుకున్నాను. కాదు, కొంగు వెతుక్కుంటున్నది.

"కదలకు బిడ్డా! కదలకు! కాలు కదిలియ్యకు!" అని పెద్దబాపు అరిచాడు. నన్ను కాదు, అవ్వను.

అవ్వ కళ్లు గట్టిగా మూసుకుని నాతో, "మీ పెద్దబాపుకు చెప్పు, ఇడిసిపెట్టుమని" అంది. ఆయన ఒడిలో కూర్చుని!

"ఇడువ!" అన్నాడు పెద్దబాపు. నేను తడి పళ్లెం పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

డాక్టరమ్మ ఉరికొచ్చింది. కట్టు మీద నెత్తురు కనబడింది. నా ముఖం దిక్కు ఒక్కసారి చూసింది, తిట్టి ఉంటే నయం. అవ్వను బండి మీద ఫోటో తీసే గదికి తోసుకుపోయారు. వరండాలో బల్ల మీద నేనూ పెద్దబాపూ మిగిలాం. ఆయన ధోవతి నిండా సీతాఫలం గుజ్జు. 

"ఎందుకు లేచిందే?" అన్నాడు.

ముప్పై ఏండ్ల కోపం ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది. "ఎందుకా? నీ కోసం! నువ్వు దగ్గినప్పుడల్ల లేసుడే కదా ఆమె బతుకు! లేచి లేచే గా మోకాళ్లు గట్లయినయ్. ఇంట్ల మనిషి పాకుతుంటే నీకు కనవడలే గని, ఊళ్లె ఎద్దుల కాళ్లు మాత్రం అన్నీ కనవడ్తయ్!"

ఆయన ధోవతికంటిన గుజ్జును వేలితో గీరాడు. తరవాత, "నేను లెవ్వమన్ననా?" అన్నాడు.

నిజమే. అనలేదు. ఎవరూ అనలేదు.

"దగ్గంగనే లోపట గొళ్లెం గుంజిన సప్పుడు ఇనవడుతుండె. గది ఇనలేక శాన దినాలు అరుగు మీదనే కూసున్న. లెవ్వకని ఎట్ల చెప్పాలె? మాట్లాడద్దాయె. నీతోని చెప్పిద్దామంటే నువ్వు పెండ్లయి పోతివి."

"బాపుతోని చెప్పియ్యకపోయినవా?"

"మీ బాపా! వాడు నా ముంగట నోరిప్పిండా ఎన్నడన్న?"

నా కోపం తగ్గలేదు. దాన్ని ఎవరి నెత్తిన పెట్టాలో మాత్రం తెలియలేదు. ఇద్దరం గది తలుపు దిక్కే చూస్తూ కూర్చున్నాం. ఆ తలుపు వెనక అవ్వ కాలు నిలుస్తుందో పోతుందో తేలుతున్నది. బేరమాడి తీసుకొచ్చింది నేను, కడ్డీ దించి వదిలేసింది నేను. దగ్గు సంగతి డాక్టరమ్మకు చెప్పాల్సింది కూడా నేనే. అది నాకు తట్టనే లేదు. ఆ దగ్గు మా ఇంట్లో గోడలాంటిది, ఉందని ఎవరూ అనుకోరు.

చాలాసేపటికి డాక్టరమ్మ బయటికొచ్చింది. "పైన రెండు కుట్లు ఇచ్చుకపోయినయ్, మల్లేసినం. లోపలి మోకాలు సక్కగనే ఉన్నది. కిందికెల్లి పట్టుకోకపోయి ఉంటే ఖతం అయిపోతుండె." నేను లేచి ఆమె చేతులు పట్టుకున్నాను. 

"దగ్గిందెవలు?" అంది డాక్టరమ్మ. అవ్వ లోపల చెప్పేసినట్టుంది.

పెద్దబాపు బడిపిల్లాడి లెక్క చెయ్యి ఎత్తాడు.

"మల్ల దగ్గితే నీ గొంతు నరానికి ఇస్త సూది. ఏందనుకుంటున్నవ్ తాతా?"

"దగ్గనమ్మా" అన్నాడు ఆయన.

మూడోరోజు గొట్టం తీసేశారు. నొప్పి వచ్చింది. అవ్వ "అవ్వో! సచ్చిపోతున్ననే!" అని వార్డు ఎగిరిపోయేట్టు అరిచింది. ఇన్నేండ్లు మింగిన అరుపులన్నీ అందులో ఉన్నాయి. నర్సులు ఉరికొచ్చారు. నాకైతే ఆ అరుపు వింటే పాపిష్టి సంతోషం కలిగింది.

కుట్లు విప్పాక ఇంటికి తీసుకొచ్చి, మాట ప్రకారం వంటింటి తలుపు వెనక కుర్చీ వేశాను. అక్కడ చీకటి, ఉక్క, దోమలు. నాలుగో రోజు పెద్దబాపు చేనుకు పోయిన సందు చూసి, కాసేపు ఎండ తగలనీ అని కుర్చీని అరుగు మీదికి తెచ్చి అవ్వను కూర్చోబెట్టాను. "బావ అచ్చేటాల్లకు లోపలికి తీస్కపో" అని పదిసార్లు మాట తీసుకున్నాక కూర్చుంది. దగ్గు వినబడగానే లేపుతానన్నాను.

దగ్గు వినబడలేదు. నేను తల ఎత్తేసరికి పెద్దబాపు వాకిలి మధ్యలో ఉన్నాడు. కిర్రుచెప్పులు చేతిలో పట్టుకుని, ఉట్టి మీది పెరుగుకు పోయే పిల్లి లెక్క పాదాల కొసల మీద నడుస్తున్నాడు. తన ఇంట్లో తనే దొంగలాగా! అవ్వ లేవకుండా, ఆమెకు తెలియకుండానే లోపలికి పోవాలని ఆయన ఆలోచన. కానీ అవ్వ ఎదురుగానే ఉంది, కుర్చీలో.

అవ్వ చేతులు కుర్చీ పట్టె మీదికి పోయాయి. నేను లేచి ఆపబోయాను. ఇంతలో ఆమె చేతులు వదిలేసి, కళ్లు మూసుకుని, తల పక్కకు వాల్చింది. గురక కూడా మొదలుపెట్టింది.

పెద్దబాపు చెప్పులు కింద పెట్టాడు. "బిడ్డా, మీ అవ్వకు చెప్పు. నిద్రల కుర్చీ మీదికెల్లి పడ్తది, కండ్లు తెరిచే కూసోమను."

అవ్వ కళ్లు మూసుకునే, "నేను పండుకున్ననని చెప్పు" అంది.

"మీరే చెప్పుకోండ్రి. నాకు పొయ్యి మీద పాలున్నయ్" అని నేను లోపలికి వచ్చేశాను. పొయ్యి మీద ఏమీ లేదు. అవ్వ నిలబడే తలుపు చాటునే నిలబడి చూశాను.

పెద్దబాపు అరుగు రెండో కొసన కూర్చున్నాడు. నేలకేసి చూశాడు. తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. ఒకసారి దగ్గు రాబోతే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. చాలాసేపటికి, తల ఎత్తకుండానే, మధ్యలో ఎవరినీ పెట్టకుండా, "నొప్పి ఉన్నదా?" అన్నాడు.

గురక ఆగింది. అవ్వ కళ్లు తెరిచింది. కొంగు సర్దుకుంది కానీ కుర్చీలో నుంచి లేవలేదు.

"ఉన్నది బావా" అంది.